ఎడమ చేతి బీపీ

అల్లం వెల్లుల్లి నూరుతుంటే అత్తయ్య వచ్చి పొత్రం లాక్కోలేదు. నాకు అనుమానం మొదలైంది అక్కడే.

సాయంత్రం వన్ టౌన్‌లోని మా ఇంట్లో ప్రార్థన కూడిక. తర్వాత చర్చి సంఘానికి భోజనాలు. అలాంటి రోజున మా అత్తయ్య అమలమ్మ నా చేతి నూరుడు ఒప్పుకోదు. ఇవాళ గోడకి ఆనుకుని నిలబడింది. వీపులో ఎవరో చించుతున్నట్టుంది అంది.

వీధి చివరి ఆర్‌ఎంపీ బసవయ్య వచ్చాడు. ఎడమ చేతికి పట్టీ చుట్టి మిషన్ నొక్కాడు.

"నూట ఇరవై. చిన్నపిల్ల బీపీ! గ్యాసేనమ్మా."

"విన్నావుగా దీవెనా. కూరలు మొదలుపెట్టు" అన్నాడు నా భర్త స్టీఫెన్.

నాకు ఆ నూట ఇరవై మీదే అనుమానం. మాత్ర వేసుకున్న రోజున కూడా అత్తయ్య బీపీ నూట యాభైకి తగ్గదు. ఇంత నొప్పిలో తగ్గిందంటే మిషనైనా అబద్ధం చెప్పాలి, చెయ్యైనా చెప్పాలి. మంగళగిరి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో నా పని ఇదే. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం నమూనాని సిలికాన్‌తో పోతపోస్తాం. దాని లోపలి పొర చిరిగితే రక్తం పొరల మధ్యకి దూరి ఇంకో దారి చేసుకుంటుంది. గ్లిజరిన్ కలిపిన నీళ్ళని పంపుతో తోసి ఆ దారి ఎటు పోతుందో చూస్తాం. చిరిగిన పొర వెళ్ళి ఎడమ చేతికి వెళ్ళే గొట్టం మూతికి అడ్డంపడితే అక్కడి మీటరులో అంకె పడిపోతుంది, పెద్ద గొట్టంలో ఒత్తిడి తగ్గదు. ఈ పని మీద నాకు డాక్టరేటు వచ్చింది. ఇంట్లో దాని పేరు రబ్బరు గొట్టాల ఉద్యోగం. "మోటారు పాడైతే మా కోడల్ని పిలవండి" అంటాడు మామయ్య మరియదాసు, పెళ్ళిళ్ళలో. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వి, ప్లేట్లు తీస్తాను.

"రెండో చెయ్యి చూడలేదేం?" అన్నాను.

"రెండు చేతుల్లో రెండు రక్తాలుంటాయా అమ్మా?" నవ్వాడు బసవయ్య.

"మా ఆవిడకి అన్నీ ఆ గొట్టాలే కనబడతాయిలెండి. వంట తప్పించుకోవాలంటే ఏదో ఒక రోగం దొరుకుతుంది" అన్నాడు స్టీఫెన్.

నిజంగా అందుకేనా అని నన్ను నేనే అనుమానించాను. ఈ ఇంట్లో ఉంటే ఆ అలవాటు వస్తుంది.

పట్టీ విప్పి అత్తయ్య కుడి చేతికి చుట్టాను. నూట తొంభై. మళ్ళీ ఎడమ చేతికి చుట్టాను. నూట ఇరవై. బసవయ్య నవ్వడం మానేశాడు.

స్టవ్ కట్టేసి 108కి ఫోన్ చేశాను.

"పాస్టరుగారికి ఏం చెప్పమంటావ్?" అన్నాడు స్టీఫెన్.

"వంట లేదని చెప్పండి."

ఆస్పత్రిలో స్కానింగు చూసిన సర్జన్, నాళం చిరిగిందనీ, వెంటనే థియేటర్‌కి తీసుకెళ్ళాలనీ చెప్పాడు. స్ట్రెచర్ పక్కన నడుస్తూ అడిగాడు.

"నొప్పి ఎప్పటినుంచమ్మా?"

అత్తయ్య ముందు కొడుకు వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నిన్న పొద్దున్నుంచే అమ్మాయ్. భోజనాలయ్యాక చెబుదామనుకున్నా."