రెండో నంబరు

"ఏసీల కూసుండి వచ్చేదానికి అలుపేంది?"

అత్త చంద్రమ్మ ఈ మాట అన్నది నిన్న సాయంత్రం. శుక్రవారం పొద్దున అయిదున్నరకు, మంజీర నీళ్లు వచ్చే ఆ గంటన్నరలో కుళాయి కింద బిందె, బిందె పక్కన బకెట్టు మారుస్తూ ఉన్నా కనకలక్ష్మి చెవుల్లో అదే మాట. నిన్న తను చేసిన నేరమల్లా పది నిమిషాలు నడుం వాల్చడం. ఖాజాగూడలో వాళ్ల ఇంట్లో ఎవరైనా ఎంతసేపైనా నడుం వాల్చవచ్చు. భర్త వీరేశం క్యాబుల ట్రావెల్స్ నుంచి వచ్చి టీవీ ముందు గంట వాలతాడు, అది అలుపు. చంద్రమ్మ మధ్యాహ్నం వాలుతుంది, అది వయసు. కోడలు వాలితే మాత్రం దానికి ఒక కారణం కావాలి, ఆ కారణం ఎవరైనా ఒప్పుకోవాలి.

అసలు సంగతేమిటంటే, నానక్‌రామ్‌గూడలో ఆ పదకొండు అంతస్తుల టవరు మొత్తానికి చల్లదనం పంపే మిషన్ల గదిలో ఏసీ లేదు. బేస్‌మెంట్‌లో నీళ్లు చల్లబరిచే రెండు చిల్లర్లు, అరడజను పంపులు, చెవులు మూసుకోకపోతే పక్కమనిషి మాట వినిపించనంత రొద, వేసవైతే నలభై దాటే వేడి. ఈ ముక్క అత్తకు ఒకసారి విడమరచి చెప్పింది కూడా. "సల్లటి మిషన్ కాడ ఉడుకుంటదట, ఎవలికి జెప్తవ్ పిల్లా," అని చంద్రమ్మ నవ్వేసింది. ఆ నవ్వు చూశాక కనకలక్ష్మి మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోవడం అలవాటైపోయింది, అదీ అసలు బాధ.

ఏడింటికి వీరేశం టిఫిన్ డబ్బా అందుకుంటూ ఫోన్ చూసి మొహం ముడిచాడు. "మీ ఆఫీసోల్ల మెసేజ్‌లు ఒక్కటే మోత. బావకు చెప్పిన, ఇయ్యాల బంద్ చేయిస్తనన్నడు."

రామచంద్రం బంధువులందరికీ తెల్లారగానే పంపే శుభోదయం పువ్వుల గురించి కాబోలు అనుకుంది ఆమె. కూతురి జడ సగంలో ఉంది, పప్పు పొంగుతోంది. ఏ మెసేజ్‌లని అడిగే తీరిక ఎక్కడిది!

రామచంద్రం ఆ టవరు మెయింటెనెన్స్‌కు పెద్ద. వీరేశానికి మేనత్త కొడుకు, ఆ లెక్కన కనకలక్ష్మికి అన్న వరస. పెళ్లికి ముందే ఐటీఐలో రిఫ్రిజిరేషన్ చదివిన పిల్ల ఇంట్లో ఊరికే ఉందని తొమ్మిదేళ్ల కింద ఆ మిషన్ల గదిలో ఆపరేటర్ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. కాదనకూడదు. కానీ ఇప్పించిన రోజు నుంచీ ఆమె "మన ఇంటి మనిషి" అయిపోయింది. ఇంటి మనిషి గురించిన ఏ మాటైనా ఇంటికే చెప్పాలి కదా! ఆమె షిఫ్టు మారితే ముందు వీరేశానికి తెలుస్తుంది. సెలవు అడిగితే "బామ్మర్దీ, నీకు చెప్పే అడిగిందా?" అని ఫోన్. ఒకసారి మీటింగులో ఆయన లెక్క తప్పని ఆమె అంటే, ఇల్లు చేరేలోగా ఆ సంగతి ఇంట్లో అందరి నోళ్లలో నానింది. మిగతా ఆపరేటర్లు అయిదుగురూ మగవాళ్లే. మీ ఆయన ఎదురు మాట్లాడాడమ్మా, జర బుద్ధి చెప్పుకో అని వాళ్ల భార్యలకు ఎవరూ ఫోన్ చేయరు.

పదకొండు గంటలకు సర్వీస్ కంపెనీ నుంచి ఎల్లేశం వచ్చాడు. బోరబండలో ఉంటాడు, చిల్లర్ల మీద ముప్పై ఏళ్లుగా పని చేస్తున్నాడు, మిషన్‌ను ముట్టుకునే ముందు చేతులు తుడుచుకుంటాడు. అతను సంచి దించేలోపే రామచంద్రం ఫోన్ వచ్చింది. ఆయన ఆ రోజు గచ్చిబౌలి ఆఫీసులో ఉన్నాడు.

"చెల్లె, ఎల్లేశం వచ్చిండా? రెండో మిషన్ సర్జ్ లెక్క ఇరవైకి పెంచమను. ఆగిపోయే సెట్టింగ్ బంద్ చేయమను. బైపాస్ జోలికి పోవద్దు, కరెంటు ఎక్కువైందని పైనోళ్లు నన్ను పట్టుకుంటరు."

"లెక్క పెంచితే సర్జ్ ఆగదు అన్నా. మనకు తెల్వకుంట అయితదంతే."

"ఇంటి మనిషివని చెప్తున్న. చెప్పింది చెయ్," అని పెట్టేశాడు.

సర్జ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. చిల్లర్ లోపల ఒక చక్రం గ్యాస్‌ను ముందుకు తోస్తుంది. తోయడానికి గ్యాస్ తక్కువై, అవతలి వైపు ఒత్తిడి ఎక్కువైతే, తోసిన గ్యాస్ తోసిన చక్రం మీదికే తిరిగి తన్నుకొస్తుంది. అప్పుడు మిషన్ మనిషిలాగే ఎక్కిళ్లు పెడుతుంది. ఒకటీ అరా అయితే పర్వాలేదు. వరసగా వస్తే బేరింగులు పోతాయి, చక్రం పగులుతుంది. ఆ మిషన్‌కు అయిదు నిమిషాల్లో అయిదు ఎక్కిళ్లు వస్తే ఆగిపొమ్మని చెప్పి ఉంది. దాన్ని ఇరవై చేసి, ఆగడమే వద్దంటున్నాడు ఆ పెద్దమనిషి.

కనకలక్ష్మి కూతురి పాత నోటుబుక్కు తీసింది. ముందు సగం ఆరో తరగతి సోషల్, వెనక సగం మిషన్. మూడు నెలల రీడింగులు అందులో ఉన్నాయి.

"ఇగో చూడన్నా, ఎక్కిళ్లు వచ్చినయన్నీ శుక్రారాలే. వేరే దినం ఒక్కటి లేదు," అంది.

ఎల్లేశం కళ్లజోడు పెట్టుకున్నాడు. "శుక్రారం ఏముంటది గిక్కడ?"

"ఏం ఉండదు, అదే గదా! అందరూ ఇంటి నుంచి పని చేస్తరు. పదకొండు అంతస్తుల్ల మూడే నడుస్తయ్. పైన మనుషులు లేరు, బయట ఎండ మాత్రం ఎండే. అది గాక ట్యాంకర్ల ఉప్పు నీళ్లకు కండెన్సర్ గొట్టాలల్ల చౌడు పట్టింది, ఒత్తిడి దిగుతలేదు. మీరు తొమ్మిదేళ్ల కింద బైపాస్ తెరుచుకునే గీత పెట్టినప్పుడు టవర్ నిండుగుండె, గొట్టాలు కొత్తవి. ఆ గీత అట్లనే ఉన్నది, ఎవరూ ముట్టలే."

ఎల్లేశం పేజీలు తిప్పాడు, మళ్లీ మొదటికి వచ్చాడు. "ఇవన్నీ ఎవలు రాయమన్నరు నిన్ను?"

"ఎవలు రాయమంటరు!"

అతను తల పంకించి సర్వీసు కాగితం బల్ల మీద పెట్టాడు. కింద సైటు తరఫున ఒక సంతకం చోటు ఉంది. "చూడమ్మా, డ్యూటీల ఉన్నది నువ్వు. ఇరవై పెట్టుమంటే పెడ్త, నీ సంతకం తీసుకొని పోత. ఇరవై పెట్టినోళ్ల మిషన్ ఒకటి చూసిన నేను. బేరింగ్ కూసుండిపోయి నెల దినాలు బంద్ వడ్డది. సంతకం పెట్టినోనిదే తప్పన్నరు. గీత కొత్తగ పెట్టుమంటవా, అదీ పెడ్త. ఏది జెప్తవో చెప్పు."

కనకలక్ష్మికి భయం వేసింది, ఆ భయం మీద తనకే కోపం వచ్చింది. "గీతే పెడ్దాం. మొదలు మిషన్ ఏడ ఎక్కిళ్లు పెడ్తదో చూద్దాం."

మిషన్ ఎక్కడ తడబడుతుందో తెలియాలంటే దాన్ని కావాలనే తడబాటు అంచుకు తీసుకెళ్లాలి. డాబా మీద కండెన్సర్ నీళ్లు చల్లార్చే కూలింగ్ టవర్ ఫ్యాన్ ఒకటి ఆపించారు. ఆ నీళ్లు మెల్లగా వేడెక్కాయి, ఒత్తిడి పెరిగింది. ఎల్లేశం మిషన్ తెర ముందు నిలబడ్డాడు. కనకలక్ష్మి చెవి తొడుగు ఒకటి తీసేసి, పొడుగు స్క్రూడ్రైవర్ మొన మిషన్ పొట్టకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుంది. ఆ గదిలో పాతవాళ్లు విని చూసే పద్ధతి అది. లోపల ఒకే తీరున సాగుతున్న హోరు. కాసేపటికి ఆ హోరులో ఎక్కడో చిన్న వణుకు, మాట్లాడబోయి మింగేసినట్టు.

"వస్తుంది," అంది. "ఇగో, ఇప్పుడు!"

తెర మీద ఇంకా ఏమీ లేదు. రెండు సెకన్లు గడిచాయి. అప్పుడు హుమ్మని మిషన్ ఒక్క ఎక్కిలి పెట్టింది, తెర మీద ఒకటి పడింది.

"వారీ!" అన్నాడు ఎల్లేశం, తెరనూ ఆమెనూ మార్చి మార్చి చూస్తూ. ఫ్యాన్ వేయించి ఒత్తిడి దించి, లోడు కొంచెం పెంచి, ఫ్యాన్ మళ్లీ ఆపించి చూశారు. ఈసారి ఇంకో చోట. రెండు చోట్లకూ లోడు ఎంతో, ఒత్తిడి ఎంతో రాసుకున్నారు. ఆ రెండు చుక్కలూ కలిపితే మిషన్ ఓర్చుకోగల హద్దు అవుతుంది. జాగ్రత్త గీత దానికి కాస్త ఇవతలే పెట్టాలి. మిషన్ ఆ గీతకు రాగానే బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. చక్రం తోసిన గ్యాస్‌లో కొంత మళ్లీ చక్రానికే అందుతుంది, దాంతో దానికి ఊపిరాడుతుంది. కాగితం మీద చూస్తే అది దండగే, ఆ కాసింత గ్యాస్ పై అంతస్తుల్లో ఎవరినీ చల్లబరచదు. నిన్న సాయంత్రపు తన పది నిమిషాలు కూడా అటువంటి దండగే కదా అనిపించి కనకలక్ష్మికి నవ్వొచ్చింది.

అంకెలు ఎక్కిస్తుండగా ఫోన్ మోగింది. వీరేశం. రొదకు బయటికి వచ్చి ఎత్తింది.

"ఏంది నీ లొల్లి? బావ ఎల్లేశానికి ఫోన్ జేస్తే వేరేదేందో చేస్తున్నమన్నడట. బావ పరేషాన్ అయితుండు. ఆయన చెప్పినట్టు చెయ్యరాదు?"

"అది తప్పు సెట్టింగ్. మిషన్ పోతది."

"పోతే పోనియ్, నీ అయ్య సొమ్మా? సోమారం నుంచి నువ్వు ఆడ ఉండవు గద, నీకెందుకు ఫికర్?"

"నేను ఉండకపోవుడేంది?"

"బావ చెప్పలే? పైన హెల్ప్ డెస్క్‌ల వేస్తుండు నిన్ను. ఏసీ, కుర్సీ, ఫోన్లు ఎత్తుడే పని. అయిదింటికి ఇంటికాడ ఉంటవ్, అమ్మ గూడ సంబురపడ్డది. పోయిన వారమే సరే అన్న నేను."

సరే అన్నాడు. పోయిన వారమే. ఆమె ఆ వారం అంతా అదే ఇంట్లో ఉంది, అదే కంచాల్లో అన్నం పెట్టింది, అదే మంచం మీద పడుకుంది. తొమ్మిదేళ్ల పనిని ఒకరు తీసేయడం, ఒకరు సరేననడం, ఒకరు సంబరపడడం అయిపోయాయి. తనకు చెప్పాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది. ఇన్నాళ్లూ ఇంట్లో పని ఎక్కువై అలసిపోతున్నాననుకుంది. పనికి ఎవరూ అలిసిపోరు, తోసిందల్లా తిరిగి మొహం మీదికే వస్తుంటే అలిసిపోతారు.

"ఇంటికొచ్చినంక మాట్లాడుకుందాం," అని పెట్టేసింది.

లోపలికి వచ్చేసరికి ఎల్లేశం చివరి పేజీలో ఉన్నాడు. సర్జ్ వచ్చినప్పుడు మిషన్ తనంతట తాను మెసేజ్ పంపాల్సిన ఫోన్ నంబర్ల పేజీ అది. "మొదటిది రామచంద్రం సార్‌ది. రెండోది ఆపరేటర్, నీ పేరే ఉన్నది. నంబర్ సరిగ్గున్నదా?" అని చదివాడు.

అది వీరేశం నంబరు.

ఉద్యోగంలో చేరిన రోజు ఆమెకు సొంత ఫోన్ లేదు. కాగితాల్లో రామచంద్రమే ఆ నంబరు నింపాడు. ఆ కాగితం చూసి మిషన్‌లో ఎవరో ఎక్కించారు. తర్వాత ఆమెకు ఫోన్ వచ్చింది, అది మారాక ఇంకో ఫోన్ వచ్చింది, కాగితం మాత్రం మారలేదు. మూడు నెలలుగా ఈ మిషన్ ఎక్కిలి పెట్టిన ప్రతిసారీ కనకలక్ష్మి అనే పేరుతో వీరేశం జేబులో మోగుతోంది. శుక్రవారాల్లో ఆమె డ్యూటీ దిగిపోయాక కూడా మిషన్ పిలుస్తూనే ఉంది. పొద్దున ఆయన విసుక్కున్న మోత శుభోదయం పువ్వులది కాదు. బావకు చెప్పి ఆయన బంద్ చేయించబోయింది ఈ మిషన్ గొంతునే.

"నాది గాదన్నా. మా ఆయనది," అంది.

ఎల్లేశం వేలు తెర మీద ఆపి చూశాడు.

"తీసెయ్. నా నంబర్ ఎక్కించు." ఒక్కో అంకే చెప్పింది. అతను ఎక్కించి, తిరిగి చదివి వినిపించాడు. లెక్క అయిదు దగ్గరే ఉంది, ఆగిపోయే సెట్టింగ్ పని చేస్తూనే ఉంది, బైపాస్ తెరుచుకునే గీత కొత్తది. కనకలక్ష్మి కాగితం మొత్తం చదివి సంతకం పెట్టింది. తర్వాత అక్కడి నుంచే రామచంద్రానికి ఫోన్ చేసింది.

"సార్, రెండో మిషన్ గీత మార్చినం. లెక్క పెంచలే. రీడింగులు మెయిల్ చేస్త, సంతకం నాది."

"సార్ ఏంది చెల్లె కొత్తగ? ఆగు, వీరేశంతోని మాట్లాడ్త."

"మాట్లాడండి, మీ బావమరిది. నా డ్యూటీ గురించి మాత్రం నాతోని మాట్లాడాలె. హెల్ప్ డెస్క్‌కు నేను పోను, నన్ను అడిగినోళ్లు లేరు. మార్చాలంటే రాతల ఇయ్యిండి, నేను గూడ రాతలనే జవాబిస్త."

ఆయన ఏదో అంటుండగా ఒక పంపు గట్టిగా అందుకుంది. ఆమె అరవలేదు, వినడానికి తాపత్రయపడలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆమెకు తెలియదు. సాయంత్రం ఇంట్లో ఏమవుతుందో మాత్రం బాగానే తెలుసు.

ఎల్లేశం సంచి సర్దుకున్నాడు. "వచ్చే శుక్రారం వచ్చి ఒక్కసారి చూస్త. ఎవలుంటరు?"

"నేనే ఉంట."

"మంచిది. ఉండు, టెస్ట్ పంపుత," అని తెర మీద నొక్కాడు.

ఆమె చొక్కా జేబులో ఫోన్ వణికింది. రెండో మిషన్, పరీక్ష సందేశం, అందితే ఒకటి నొక్కండి అని ఉంది. తొమ్మిదేళ్లలో ఆ మిషన్ నేరుగా ఆమెకు చెప్పిన మొదటి మాట అది.

కనకలక్ష్మి చేతులు తుడుచుకుని, ఒకటి నొక్కింది.