పొగడకూడని నేల

ఊళ్ళో అతన్ని అందరూ ఏముందయ్య అనేవారు. అమ్మా నాన్నా పెట్టిన పేరు వేరే ఉంది గానీ, దాన్ని పెళ్ళాం కూడా మరిచిపోయినట్టే. ఉల్లి ఎలా ఊరిందయ్యా అంటే "ఏముంది, గోలీకాయలంత" అనేవాడు. దుంపలు ఎలా ఉన్నాయి అంటే "ఏముంది, తవ్విన కూలి గిట్టదు". ఆ గోలీకాయలు ఒక్కోటి పిడికిట్లో పట్టేది కాదు. చేతిలో ఉన్నదాన్ని పొగిడితే పాడు కళ్ళు పడతాయని చిన్నప్పుడు వాళ్ళమ్మ నూరిపోసింది. కూర బాగుందని కూడా ఆ నోట ఏనాడూ రాలేదు. "ఏముంది, తినొచ్చు" అంటూ మళ్ళీ మళ్ళీ వడ్డించుకునేవాడు. ఆ ఇల్లాలు దాన్నే మెచ్చుకోలు కింద జమకట్టుకుని కాపురం చేసుకొచ్చింది.

వాళ్ళ పొలం వాగు ఒడ్డున ఉంది. ఆ వాగు నీళ్ళు కింద ఆనకట్టలో చేరి పట్నం వాళ్ళ కుళాయిల్లోకి పోతాయి. ఆ నీళ్ళు పాడవకూడదని కొత్త నిబంధన వచ్చింది. వాగుకి అటూ ఇటూ దున్నకూడదు, తవ్వకూడదు, ఎరువు చల్లకూడదు. అలాగని నేల ఎవరూ లాక్కోరు, ఎవరి నేల వాళ్ళదే. కంచం నీదేనయ్యా, అన్నం మాత్రం ముట్టుకోకు అన్నట్టు. ఈ తెలివి ఎవడిదో గానీ వాడి నోట్లో పంచదార పొయ్యాలి.

సరే, న్యాయం కూడా కొంత చూశారు. పంట పండే నేల ఉన్నవాళ్ళకి వాగుకి దూరంగా మరోచోట బదులు నేల ఇస్తామన్నారు. రాళ్ళ నేలకి మాత్రం ఏమీ రాదు, దాని వల్ల పోయేదేమీ లేదు కనుక.

చూడ్డానికి అధికారులు వచ్చిన రోజున ఏముందయ్య పెళ్ళాం ఉల్లి బస్తాలతో సంతకి వెళ్ళింది. పంట తీసేసిన పొలం బోసిగా ఉంది. "మీ నేల ఎలాంటిదండీ?" అని మర్యాదగానే అడిగారు. ఏముందయ్య చేతులు దులుపుకుని, "ఏముందండీ, రాళ్ళూ రప్పలూ. ఏదో గీక్కుంటున్నాం" అన్నాడు. సొంతదారే ఆ మాట అంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, అలాగే రాసుకున్నారు.

పక్క పొలం ఆమె అన్నయ్యది. అందులో గునపం దిగితే ఒట్టు. కానీ ఆ మహానుభావుడు కోతలరాయుడు. "ముట్టుకుంటే బంగారమండీ, విత్తనం పడేసి వెనక్కి తిరిగితే మొలక" అన్నాడట. నెల తిరగకుండా అతనికి రోడ్డు వారన నల్లటి నేల ఇచ్చారు. ఏముందయ్య నేల సాగుకి పనికిరాదని తేల్చారు.

ఆ కబురు విన్న పూట ఆమె పొయ్యి వెలిగించలేదు.

"రాళ్ళని ఎలా అన్నావయ్యా? నోరెలా వచ్చింది?"

"మాటవరసకి అన్నానే. వాళ్ళకి కళ్ళు లేవా?"

"వాళ్ళకి కళ్ళున్నాయి, నీకే నోరు లేదు. ఉన్నా ఉన్నది చెప్పదు."

ఆమె కొత్తకోడలిగా వచ్చినప్పుడు అక్కడ నిజంగానే రాళ్ళుండేవి. అత్తా తనూ వాటిని ఏరి గట్టున పోశారు. ఎండాకాలాలన్నీ వాగులో ఒండ్రు తవ్వి, తట్టల్లో మోసి ఆ నేల మీద పరిచారు. నెత్తి మీద తట్ట జారి మెడ పట్టేస్తే మర్నాడు నడుం మీద పెట్టుకు మోసింది. ఆ నేలని ఎవడో సర్కారు మనిషి రాళ్ళంటే పోనీలే అనుకునేది. కట్టుకున్నవాడే అనేశాడు.

అన్నయ్య వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. రోడ్డు వారన నేల వచ్చినప్పటి నుంచీ అతని కోతలు తగ్గాయి, చెల్లెలి మొహం చూసి మాట్లాడలేకపోతున్నాడు.

"నా మాట విని ఊరుకో అమ్మాయ్. రాళ్ళని రాసుకున్నారుగా, రాళ్ళ జోలికి ఎవరొస్తారు? మీ పాటికి మీరు ఉల్లి వేసుకున్నా అడిగేవాడు లేడు. కందిరీగల తుట్టెని కదపడం దేనికి?"

"నువ్వు బంగారమంటే నీకు నేలొచ్చింది. నేను దొంగలా సాగు చేసుకోవాలా అన్నయ్యా? అడగందే అమ్మైనా పెట్టదు. నేను అడుగుతాను."

"బావ సంగతి తెలుసుగా. అక్కడ నోరు విప్పుతాడా?"

"నేను విప్పిస్తాను."

మళ్ళీ విచారణకి అర్జీ పెట్టించింది. ఆ రోజు వచ్చేదాకా మొగుణ్ణి బడిపిల్లాడిలా ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పించింది. "మా నేల మంచిది అను." అతను గుటకలు మింగేవాడు. "మా నేల... ఫరవాలేదు." "ఫరవాలేదు కాదయ్యా, మంచిది." "మంచిదేలే." "ఆ లే తీసెయ్యి." ఒకరోజు ఆమెకే నవ్వాగలేదు. అతనూ నవ్వి, కాసేపటికి తల దించుకుని, "పైకి అంటే ఏమైనా అవుతుందేమోనే" అన్నాడు. ఏమీ కాదని ఆమె ధైర్యం చెప్పింది.

విచారణ పట్నంలో. పొడవాటి బల్ల, కిర్రుమనే ఫ్యాను, గాజు కూజాలో నీళ్ళు. అధికారిణి వాళ్ళ కూతురి ఈడుది. వాళ్ళు రాగానే కుర్చీలు చూపించి, మంచినీళ్ళు తాగమంది. మనసులో తిట్టుకోవడానికి కూడా వీల్లేనంత మంచిపిల్ల.

ఆమె లేచి మొదలుపెట్టబోతే అధికారిణి, "నేల మీ పేరున ఉందా అమ్మా?" అని అడిగింది.

"ఆయన పేరున."

"అయితే ఆయన్నే చెప్పనివ్వండి."

ఏముందయ్య లేచాడు. బల్ల అంచు పట్టుకున్నాడు. అధికారిణిని కాకుండా పెళ్ళాన్ని చూస్తూ మొదలుపెట్టాడు.

"రాళ్ళని అబద్ధం చెప్పానండీ. అలాంటి నేల ఆ వాగు మీద ఇంకోటి లేదు. వాన వెలిసిన పొద్దున వెళ్ళి పిడికెడు పట్టుకుంటే వేళ్ళ మధ్య వెన్నలా ఉంటుంది. మా అమ్మా, ఈవిడా ఒండ్రు మోసి చేసిన నేలండీ అది. ఈవిడ మెడ ఇప్పటికీ ఒక పక్కకి తిరగదు. ఊరంతా ఎండిన ఏడు కూడా మేం నీళ్ళకి వెతుక్కోలేదు. మోకాటి లోతు తవ్వితే చాలు, చెమ్మ ఊరి గుంట నిండుతుంది. ఉల్లి పీకుతుంటే బరువుకి చెయ్యి లాగేస్తుంది. నాకు కోపమొచ్చినా, ఒంట్లో బాగోకపోయినా అక్కడికే పోయి కూర్చుంటాను. దాని కంటే మంచిది నాకింకేమీ లేదండీ, ఈవిడ తప్ప."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో వినని మాట పరాయివాళ్ళ గదిలో, ఫ్యాను కింద వింది.

అధికారిణి అంతా రాసుకుంది. తర్వాత, "మీది మంచి నేలేనని ఒప్పుకుంటున్నాం. బదులు నేల మీకు రావాల్సిందే" అంది. అది విని ఏముందయ్య పెళ్ళాం రెండు చేతులూ జోడించింది. "కానీ ఇవ్వడానికి ఉన్న నేలంతా పంచేశామండీ. ఇంకెక్కడైనా దొరికితే మీ పేరే ముందు ఉంటుంది."

"ఎప్పటికి దొరుకుతుందమ్మా?"

"చెప్పలేనండీ. ఇంకో మాట కూడా చెప్పాలి." అది చెప్పడానికి ఆ పిల్లకీ మనసొప్పలేదు, చూస్తే తెలుస్తోంది. "రాళ్ళ నేల అనుకుని ఇన్నాళ్ళూ మేం పట్టించుకోలేదు. మోకాటి లోతులోనే నీళ్ళంటున్నారు కదా. అంటే మీరు పైన ఏం చల్లినా తిన్నగా వాగులోకే దిగుతుంది. అందరికంటే ముందు మీ పొలంలోనే సాగు ఆపాలి. ఈ పంట నుంచే. కంచె వేయిస్తాం."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. బస్సులో ఆమె కిటికీ వైపు మొహం తిప్పుకుని, "నా వల్లే. నీ దారిన నిన్ను ఉండనిచ్చినా బాగుండేది" అంది.

"అబద్ధం చెప్పానా?"

"లేదు."

"మరింకేం, ఊరుకో" అని అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. దిగేదాకా వదల్లేదు.

కంచె వేసేవాడు స్తంభాలు బండి మీద వేసుకుని వచ్చాడు. పరాయి ఊరి మనిషి, అతని పని అతనిది. ఏముందయ్య అతని వెంటే గట్టున నడుస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. ఇదిగో ఈ మూలన దుంప ఎంత ఊరేదో, ఆ పల్లంలో నారు ఎంత పచ్చగా లేచేదో, మట్టి వాసన ఇంటిదాకా ఎలా వచ్చేదో. ఏ మాటకీ అడ్డూ ఆపూ లేదు. గునపం వేసిన చోటల్లా ఇంత లోతుకి దిగిపోతుంటే కంచె వాడు కూడా ఆశ్చర్యపోయాడు.

వాళ్ళిద్దరికీ తాగడానికి నీళ్ళు తెచ్చిన ఆమె గట్టు మీదే నిలబడిపోయింది.

"ఇంత మంచి నేలని రాళ్ళ నేలంటారేంటండీ ఊళ్ళో వాళ్ళు?" అన్నాడు కంచె వాడు. "మీరెప్పుడూ చెప్పలేదా?"

"లేదు" అన్నాడు ఏముందయ్య. "ఇన్నాళ్ళూ ఆ నేల బతికుంది కదండీ."

ఆమె చెంబు కింద పెట్టి, గట్టు మీద కూలబడి, ఇద్దరూ చూస్తున్నారని కూడా చూసుకోకుండా ఏడ్చింది. కంచె వాడు పక్కకి జరిగి ఇంకో గుంట తవ్వడం మొదలుపెట్టాడు.