నలభై ఒకటో పేరు

నందిగామ బీమా ఆఫీసులో ఉద్యోగానికి వచ్చినవారి చేత మొదటి రోజే నూరు పేర్లు రాయిస్తారు. చుట్టాలు, ఇరుగుపొరుగు, కలిసి చదువుకున్నవారు, ఎవరైనా సరే. పలకరిస్తే ఆగి మాట్లాడేవారై ఉండాలి, అంతే. జాయిస్ రెండు గంటలు కూర్చుని రాసింది. పెనుగంచిప్రోలులో తమ వీధి, వీధి చివరి చర్చి, అమ్మతో పాటు మిరపకోతకు వెళ్ళే ముఠా అన్నీ కలిపినా తొంభై ఆరు దగ్గర ఆగిపోయింది. డిగ్రీలో పాఠాలు చెప్పిన నలుగురు లెక్చరర్లను చేర్చి నూరు పూర్తి చేసింది.

బ్రాంచి మేనేజరు నవీన్‌బాబు కాగితం అందుకుని, ఎర్ర పెన్నుతో పక్కన టిక్కులు పెట్టుకుంటూ చదివాడు. ముప్పై ఏళ్ళవాడు, మర్యాదస్థుడు.

"బాగా రాశారండి. చర్చివాళ్ళే యాభై మంది తేలారు. మొదటి ఆరు నెలలూ మీకు తిరుగుండదు."

"ఆ తర్వాతండి?"

"ఆ తర్వాత వాళ్ళ చుట్టాలుంటారుగా" అని నవ్వాడు.

నలభై ఒకటో పేరు దగ్గర పెన్ను ఆగింది. అతడు ఆ పేరును అడ్డంగా కొట్టేశాడు. అది జాయిస్ వాళ్ళ వీధిలోనే ఉండే రత్నమణి పేరు.

"ఈవిణ్ణి వదిలెయ్యండి. భర్త పోయాక ఆవిడ క్లెయిమ్ ఆగిపోయిందట, మావాడొకడు చెప్పాడు. ఆ గుమ్మంలో కూర్చుంటే ఆ గొడవంతా వినాలి, మన మాట సాగదు."

"ఆ పాలసీ మన కంపెనీదా అండి?"

"కాదు, జగ్గయ్యపేట ఆఫీసుది. ప్రేమదాసుగారి దగ్గర తీసుకున్నారు."

"మనదే అయితే ఏం చేసేవాళ్ళండి?"

"టోల్‌ఫ్రీ నెంబరిస్తాం. సేల్స్ వేరు, సర్వీసు వేరు కదండి. మీరు చేరేది సేల్స్‌లో." ఆ మాటలో కపటం లేదు. అతనికి నేర్పినది అతడు చెప్పాడు. "ఆర్డరు రెడీగా ఉంది. సోమవారం సాయంత్రంలోగా ఏదో ఒక మాట చెప్పండి."

జాయిస్ ముందు రెండు దారులున్నాయి. ఒకటి నందిగామ: నెల జీతం, మెడలో కంపెనీ పేరున్న కార్డు, నెలనెలా టార్గెట్టు. రెండవది జగ్గయ్యపేటలో వేరొక కంపెనీకి ఏజెన్సీ మేనేజరుగా ఉన్న ప్రేమదాసు కింద కమిషను మీద పని. ఏజెంటు పరీక్షకు పంపడానికి ఇద్దరూ సిద్ధమే. అయితే జీవిత బీమాలో ఒక మనిషి ఒకే కంపెనీకి పనిచేయాలి. ఒకసారి చేరాక వారు వదిలితే తప్ప మరొకచోటికి పోవడానికి వీలులేదు. కనుక మొదటి అడుగు సరిగా పడాలి.

ఆమె తండ్రి నెహెమ్యా పెనుగంచిప్రోలుకూ పేటకూ మధ్య ఆటో నడుపుతాడు. అన్నం తింటున్నప్పుడు తన తీర్పు చెప్పేశాడు.

"నెల జీతమంటే నెల జీతమేనమ్మా. ప్రేమదాసు దగ్గరేముంది? ఎరువుల కొట్టు పైన రెండు గదులు, తిరిగే ఫ్యాను ఒకటి."

"ఆ ఫ్యాను కూడా తిరగట్లేదు నాన్నా. మొన్న చూసొచ్చా."

"మరింకేం, నువ్వే చెప్తున్నావుగా."

"నందిగామలో నాకిచ్చే జీతం నాక్కాదు నాన్నా, ఆ నూరు పేర్లకి. వాళ్ళందరికీ పాలసీలు అంటగట్టాక కూడా నేను ఈ వీధిలోనే నడవాలి. రేపు ఎవరికన్నా ఏదన్నా అయితే టోల్‌ఫ్రీ నెంబరు చెప్పి తప్పుకోమంటున్నారు."

"అట్లాగని పేట వాళ్ళు రత్నమణికి ఒరగబెట్టిందేముంది?"

ఆ ప్రశ్నకు సమాధానం తెలుసుకోకుండా ఎక్కడా సంతకం చేయకూడదని జాయిస్ అప్పుడే నిశ్చయించుకుంది.

మర్నాడు శనివారం. రత్నమణి వాకిట్లో పట్టా మీద మిరపకాయలు పోసుకుని తాలుకాయలు ఏరుతూ ఉంది. జాయిస్ ఎదురుగా కూర్చుని తానూ చేయి వేసింది.

"చేతులు మండుతాయే అమ్మాయ్, ఆఫీసుకెళ్ళేదానివి."

"ఏ ఆఫీసో ఇంకా తేలలేదులే అత్తా. మావయ్య పాలసీ ఎందుకు ఆగిందో సరిగ్గా చెప్పు."

రత్నమణి చెప్పిన సంగతి ఆ వీధిలో ఎవరికైనా ఒక్క మాటలో అర్థమవుతుంది. అక్కడ దాదాపు ప్రతి మనిషికీ రెండు పేర్లుంటాయి. బాప్తిస్మంలో పెట్టినది చర్చి పుస్తకంలో ఉంటుంది, నలుగురూ పిలిచేది అదే. పుట్టినప్పుడు పెట్టినది రేషన్ కార్డులోనూ ఆధార్‌లోనూ ఉంటుంది. రత్నమణి ఆధార్‌లో రత్తమ్మ. ఆమె భర్త వెస్లీ పాలసీ కట్టిన రోజున ఫారాన్ని ఆరాధన ముగిశాక చర్చి వరండాలో నింపారు. డబ్బు ఎవరికి చెందాలని ఏజెంటు అడిగితే వెస్లీ భార్యను చూపించాడు. పేరేమిటని అడిగితే పక్కనున్న పాస్టరు గారు చెప్పారు. ఏజెంటు రత్నమణి అని రాసుకున్నాడు. ఆధార్ కార్డు చూపించమని ఎవరూ అడగలేదు.

"ఎనిమిది నెలల్నుంచి ఆ రత్నమణి అనే ఆవిణ్ణి తీసుకురమ్మంటున్నారు" అంది ఆమె, కాయలు ఏరడం ఆపకుండా. "ఎక్కణ్ణుంచి తెచ్చేది? ఇదిగో, ఇక్కడ కూర్చుని తాలుకాయలేరుతోంది."

"ఎవరైనా ఇంటికొచ్చి అడిగారా?"

"ఎవరొస్తారే? రాసిన అబ్బాయి ఉద్యోగం మానేసి హైదరాబాదు వెళ్ళిపోయాట్ట. నాలుగుసార్లు పేట వెళ్ళా. సారు లేరన్నారు, రేపు రమ్మన్నారు. ఒక రోజు పోతే ఒక రోజు కూలి పోతుంది. ఇక వెళ్ళటం మానేశా."

సోమవారం ఉదయం జాయిస్ ఫారం నకలుతో ఉన్న పాలసీ కాగితాన్నీ, రత్తమ్మ పేరున్న ఆధార్ నకలునూ, చర్చి పుస్తకంలోని బాప్తిస్మపు పేజీ నకలునూ కవరులో పెట్టుకుని పేటకు వెళ్ళింది. ప్రేమదాసు ఫైళ్ళ నడుమ కూర్చుని టీ తాగుతున్నాడు. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది.

"రా తల్లీ. నందిగామ వాళ్ళు వల వేశారని విన్నాను. ఏమిటి, ఇటు మొగ్గావా?"

"ఇంకా మొగ్గలేదండి. ముందు ఇది చూడండి."

ఆయన కాగితాలు తిరగేశాడు. ముఖంలోని నవ్వు తగ్గింది.

"ఇది ఆ కుర్రాడు చేసిన పని. వాడిప్పుడు లేడు. రాసిన ఏజెంటు వెళ్ళిపోతే ఆ పాలసీ అనాథే, ఎవరూ పట్టించుకోరు. నీకెందుకమ్మా ఈ తలనొప్పి? దీని మీద నీకు రూపాయి కమిషను కూడా రాదు."

"కమిషను అడగలేదండి. ఫారం కింద సరిచూసినట్టు సంతకం ఎవరిది?"

ఆయన చూడనవసరం లేదు. అయినా చూశాడు. "నాదే."

"మీ వెనక గోడకి లైసెన్సుంది. దాని మీద పేరేంటండి?"

ఆయన వెనక్కి తిరగలేదు. చట్రంలో బిగించిన ఆ కాగితం మీద కోటయ్య అని ఉంది. బయటి బోర్డు మీద మాత్రం ప్రేమదాసు.

"మనవాళ్ళలో రెండు పేర్లుంటాయని పై ఆఫీసులో వాళ్ళకి తెలియదంటే ఒప్పుకుంటా. మీకు తెలియదంటే ఒప్పుకోను. మీరు ఒక్క మాట అడిగుంటే ఆవిడ నాలుగుసార్లు కూలి పోగొట్టుకునేది కాదు."

టీ గ్లాసును ఆయన బల్ల మీద పెట్టాడు.

"ఏం చెయ్యమంటావు?"

"రత్నమణి, రత్తమ్మ ఒకరే అని తహసీల్దారు ఆఫీసులో ధ్రువపత్రం తీసుకోవాలి, దానికి నేను తిరుగుతా. కానీ తప్పు మీ ఆఫీసుదని మీరు పైవాళ్ళకి రాసివ్వాలి. లేకపోతే ఆవిడే మోసం చేసిందనుకుంటారు."

"రాస్తే నాకు మెమో వస్తుంది."

"వస్తుందండి."

ఆయన కాగితం తీసుకుని రాశాడు. జాయిస్ అందుకుని చదివి, తిరిగి బల్ల మీద పెట్టింది. ఏజెంటు అజాగ్రత్త వల్ల జరిగిందని ఆయన రాశాడు.

"వెళ్ళిపోయినవాడి మీదకి తోసేశారు. ఆ ఫారం చదివి సంతకం పెట్టింది మీరు. అది కూడా రాయండి."

"నువ్వు నా దగ్గర పనికొచ్చావా, నాకు పని చెప్పటానికొచ్చావా?"

"ఇది రాస్తే మీ దగ్గర పనికి. రాయకపోతే నందిగామ బస్సు పదకొండున్నరకి."

ఆయన మొదటి కాగితం చించి, రెండవది తీసుకున్నాడు. సరిచూడవలసిన బాధ్యత తనదనీ, తాను సరిచూడలేదనీ, రత్నమణి చేసిన తప్పేమీ లేదనీ రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాడు.

జాయిస్ రెండుసార్లు చదివింది. ఆ తర్వాతనే ఏజెన్సీ దరఖాస్తు ఫారం అడిగి తీసుకుని, అక్కడే కూర్చుని నింపింది.

"ఒక్క షరతండి. ఈ క్లెయిమ్ తేలేదాకా నేనెవరికీ పాలసీ అమ్మను. ఆ తర్వాత కూడా చర్చి వరండాలో ఫారాలు నింపను. వాళ్ళింటికెళ్ళి, కార్డులు చూసి, రాసింది చదివి వినిపించాకే సంతకం అడుగుతా."

"అట్లా చేస్తే నెలకి రెండు పాలసీలు కూడా అవ్వవమ్మాయ్."

"రెండే అవనివ్వండి."

మెట్లు దిగుతూ నవీన్‌బాబుకు ఫోను చేసింది. అతడు ఓపికగా విన్నాడు.

"బాగా ఆలోచించుకున్నారా జాయిస్ గారూ? కమిషను మీద బతకటం చాలా కష్టమండి. పైగా ఆ తప్పు వాళ్ళదే కదా."

"వాళ్ళదేనండి. వాళ్ళదేనని రాసిచ్చారు."

మంచిది, ఎప్పుడైనా మనసు మారితే రమ్మని చెప్పి అతడు ఫోను పెట్టేశాడు. ఇంట్లో తండ్రికి ఈ సంగతి చెప్పడం ఇంతకంటే కష్టమని ఆమెకు తెలుసు. చెప్పక తప్పదనీ తెలుసు.

మరో నాలుగు మెట్లు దిగిన తర్వాత ఆగి, తిరిగి పైకి వెళ్ళింది. ప్రేమదాసు అప్పటికే వేరొక ఫైలు తెరిచి ఉన్నాడు.

"సార్, రేపు పదిన్నరకి మా ఊళ్ళో తహసీల్దారు ఆఫీసు దగ్గరుంటాం, నేనూ అత్తా. మీరు కూడా రావాలండి."

"నేనెందుకు? ఉత్తరం ఇచ్చానుగా."

"ఆవిడ నాలుగుసార్లు మీ కోసం ఇక్కడికొచ్చిందండి."

ఆయన ఫైలు మూసి, డైరీలో రేపటి పేజీ తీశాడు.