నడిమి మనిషి

కరెంటు పోకముందే నీళ్లు పట్టాలి. జొన్నరొట్టెలు చేయాలి, మామకు మెత్తగా, అత్తకు కొంచెం కరకరలాడేటట్టు. మామ తెలంగాణ దీక్షా శిబిరానికి బయలుదేరేలోపు తెల్ల అంగీ ఇస్త్రీ చేయాలి. నిన్న నానబెట్టిన దుప్పట్లు ఉతకాలి. మేకకు మేత వేయాలి. ఎండబెట్టిన మిరపకాయలు పట్టించడానికి గిర్నీకి పంపాలి. వీటన్నిటి నడుమ ఎక్కడో ఒకచోట, రేపు మహబూబాబాద్‌లో పదిమంది ఆడపిల్లల ముందు నిలబడి ఒకరన్న మాటను ఇంకొకరు చెప్పే రిపోర్టెడ్ స్పీచ్ పాఠం ఎట్లా చెప్పాలో ఆలోచించుకోవాలి.

ఆ చివరి పని గురించే సుమనకు దిగులు. గంగారం అడవిలో ఒక ట్రస్టు నడిపే గిరిజన బాలికల హాస్టల్ బడికి ఇంగ్లీషు టీచర్ కావాలన్నారు. రేపు మహబూబాబాద్‌లోని ట్రస్టు ఆఫీసులో కొందరు హాస్టల్ పిల్లలకు పాఠం చెప్పి చూపించాలి, నచ్చితే అక్కడే ఉండి పనిచేయాలి. సకలజనుల సమ్మె మొదలై నెల దాటింది. జనగామలో బడులకు తాళాలు పడ్డాయి, బస్సులు డిపో దాటడం లేదు. రేపటికైతే రైళ్లున్నాయి. ఎల్లుండి నుంచి రైల్‌రోకో. పోతే రేపే పోవాలి.

పని చేస్తున్నంతసేపూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. 'ఈజ్' ఉంటే 'వాజ్' అవుతుంది, 'విల్' ఉంటే 'వుడ్' అవుతుంది. జనగామలోని ప్రైవేటు బడిలో ఐదేళ్లుగా ఈ పట్టికను నల్లబల్ల మీద రాస్తూనే ఉంది, పిల్లలు బట్టీ పడుతూనే ఉన్నారు, పరీక్షలో తప్పు రాస్తూనే ఉన్నారు. ఎందుకు మారుతుందని ఒక పిల్ల అడిగితే అప్పుడు జవాబు తోచలేదు. ఆ బడి కరస్పాండెంటు గారు కోస్తా నుంచి వచ్చినాయన. "నీ తెలుగే ఇట్టా ఉంటే ఇంగ్లీషు ఎట్టా ఉంటాదమ్మా?" అని నవ్వేవాడు. స్టాఫ్ మీటింగ్ పెట్టిన ప్రతిసారీ, "సుమన టీ బాగా పెడుతుంది" అనేవాడు. తండాలో మొదట డిగ్రీ పాసైన ఆడపిల్ల ఆమె. అయినా టీ పెట్టేది. ఒక్కసారి కూడా కాదనలేదు.

ఇంట్లోనూ అంతే. లంబాడీ ఇళ్లలో కోడలు మామకు ముఖం చూపించదు, మామతో నేరుగా మాట్లాడదు. పెళ్లయిన ఈ నాలుగేళ్లలో మామ దేవ్‌సింగ్‌తో సుమన ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు, పట్టాల మీద అరిచి అరిచి గొంతు పెద్దదైంది. సుమన రెండు మూరల దూరంలో పొయ్యి దగ్గర కూర్చున్నా సరే, "ఓ బుచ్చీ, చాయ్‌ల చక్కెర తక్కువైందని కోడలుకు చెప్పు" అంటాడు భార్యతో. "చక్కెర తక్కువైందట బిడ్డా" అంటుంది బుచ్చి. "ఏస్తున్న అని చెప్పు అత్తా" అంటుంది సుమన ముసుగులోంచి. "ఏస్తున్నదట" అంటుంది బుచ్చి. చక్కెర పడేసరికి చాయ్ చల్లారిపోతుంది.

బుచ్చి మోసే మాటలో ఒక గమ్మత్తుంది. "గీ కూర గొడ్లు గూడ ముట్టవని చెప్పు" అని ఆయనంటే, "జర ఉప్పెక్కువైందట" అని చెప్తుంది. సుమనకు రెండూ వినబడతాయి. ఒకసారి అడిగితే బుచ్చి, "మోసేదాన్ని నేనే గద బిడ్డా, తొవ్వల ముళ్లు తీసిన" అన్నది.

ఆ పొద్దున దేవ్‌సింగ్ రొట్టె తిని, ఒక కాలికి చెప్పు తొడుక్కుంటూ అన్నాడు. "ఓ బుచ్చీ, కోడలుకు చెప్పు. గంగారం నౌకరీ వద్దన్నదట గదా, మంచిగ చేసింది. ఇంటి ఇజ్జత్ కాపాడింది. సురేందర్ ఫోన్ల చెప్పిండు."

సుమన చేతిలో పిండి ముద్ద అట్లాగే ఆగిపోయింది. చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే మొగుడు సురేందర్ పోయిన శనివారం ఇంటికొచ్చినప్పుడు, అన్నం వడ్డిస్తూ తాను అన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నేను గంగారం పోత. బాపుకు నువ్వే చెప్పాలె." సరే అని తలూపాడు కూడా.

లోపలి గదిలోకి పోయి ఫోన్ చేసింది. "నేను వద్దన్ననా?"

"అనలేదు" అన్నాడు సురేందర్. గొంతులో కొంచెం కూడా తడబాటు లేదు. "బాపు కాదంటే నువ్వు ఎట్లనో వద్దనే అంటవు గదా. గదేదో నేను ముందుగాల చెప్పిన. గింత దానికి పరేషాన్ ఎందుకు?"

ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకుంది. అబద్ధమాడానని కూడా అతను అనుకోవడం లేదు. ఎప్పుడో ఆమె ఒప్పుకోబోయేదాన్ని ఇప్పటికే ఒప్పుకున్నట్టు చెప్పేశాడు. కరస్పాండెంటు గారు కూడా సుమనకు టీ పెట్టడమే ఇష్టమని ఎవరితోనో చెప్పే ఉంటాడు. తన గురించి ఈ లోకంలో ఎన్ని మాటలు తిరుగుతున్నాయో, వాటిలో తాను అన్నవి ఎన్నో! ఐదేళ్లుగా పిల్లలకు తాను చెప్పిన పట్టికలో మారిన క్రియలన్నీ ఉన్నాయి. మోసినవాళ్లు మాత్రం ఎక్కడా లేరు.

ముసుగు సరిచేసుకుని బయటికి వచ్చింది. "అత్తా, బాపుకు చెప్పు. నేను వద్దనలేదు."

దేవ్‌సింగ్ రెండో చెప్పు చేతిలో పట్టుకుని ఉండిపోయాడు. బుచ్చి మిరపకాయల తొడిమలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"నేను చెప్ప" అన్నది.

"అత్తా?"

"నేను చెప్ప బిడ్డా. ముప్పై ఎనిమిదేండ్ల సంది ఈ ఇంట్ల అందరి మాటలు మోసిన. మా అత్త మాట, మా మామ మాట, ఈనె మాట, నీ మాట. కూర ఉప్పు గురించైతే ముల్లు తీసి చెప్తి. గిది ఉప్పు గాదు. నడుమ నేనుంటే ఎంతో కొంత మారుతది. నోరున్నది గదా, నువ్వే చెప్పు."

సుమన ముసుగు తీయలేదు. గొంతు మీద మాత్రం ఇక ఏ కొంగూ లేదు. "బాపూ, నేను వద్దనలేదు. పోతనన్న. ఇప్పుడు గూడ గదే అంటున్న."

దేవ్‌సింగ్ గోడకేసి చూశాడు. "ఓ బుచ్చీ, కోడలుకు చెప్పు..."

"ఆమె చెవులు గాడనే ఉన్నయి" అన్నది బుచ్చి. "నిన్న శిబిరంల మైకు పట్టుకొని ఏమంటివి? మన గోస ఇంకొకడు చెప్తే ఢిల్లీకి సగమే చేరుతది, ఎవరి గోస వాళ్లే చెప్పుకోవాలె అంటివి. అందరు చప్పట్లు కొట్టిరి. నేను గూడ కొడితి. తప్పాయెనా?"

సుమన ముసుగులో పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. దేవ్‌సింగ్ రెండో చెప్పు తొడుక్కున్నాడు, విప్పాడు, మళ్లీ తొడుక్కున్నాడు. చివరికి గోడతోనే అన్నాడు.

"బండి ఎన్నిటికి?"

"ఏడింటికి బాపూ."

"ఆరున్నరకే పోవాలె, రద్దీ ఉంటది. ఎల్లుండి మేము పట్టాల మీద కూసుంటం, బండ్లు నడవయ్. రేపే తిరిగి రావాలె." గడప దాటాడు. అన్ని మాటల్లో ఒక్కసారి కూడా 'కోడలుకు చెప్పు' అనలేదు.

మర్నాడు మహబూబాబాద్‌లో సుమన నల్లబల్ల మీద పట్టిక రాయలేదు. ముగ్గురు పిల్లలను వరసగా నిలబెట్టింది. "మొదటి మనిషి అంటది. నడిమి మనిషి మోస్తది. మూడో మనిషి వింటది." లాలి అనే పిల్ల, "ఐ యామ్ హంగ్రీ" అన్నది. నడుమ నిలబడ్డ చంద్రి మూడో పిల్ల వైపు తిరిగి, "లాలి సెడ్ దట్ షి వాజ్ హంగ్రీ" అన్నది.

"వాజ్ ఎందుకైంది? లాలి అన్నది అప్పుడు, చంద్రి మోసింది ఇప్పుడు. మోసే మనిషి తానున్న చోటు నుంచి వెనక్కి చూసి చెప్తది. అందుకే క్రియ ఒక అడుగు వెనక్కి పోతది."

"టీచర్, నాకు ఇంకా ఆకలైతనే ఉన్నది" అన్నది లాలి. అందరూ నవ్వారు.

"అట్లయితే 'ఈజ్' అన్నా తప్పు లేదు. ఇప్పటికీ నిజమైనదాన్ని వెనక్కి నెట్టాల్సిన పని లేదు."

"నడిమి మనిషి అబద్ధం చెప్తే?"

సుమన సుద్దముక్క కింద పెట్టింది. "దానికి గ్రామర్‌ల రూల్ లేదు బిడ్డా. అప్పుడు మొదటి మనిషి మళ్లా నోరు తెరవాలె."

వెనక కూర్చున్న హెడ్మిస్ట్రెస్ దిల్షాద్ బేగం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఎప్పుడు చేరుతవమ్మా?" అని అడిగింది. ఇంట్లో అడిగి చెప్తానన్న మాట అలవాటు కొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది. సుమన దాన్ని మింగేసింది. "సమ్మె అయిపోయిన తెల్లారే మేడమ్."

తిరుగు రైల్లో సురేందర్ ఫోన్ చేశాడు. "పోయినవట! బాపు ఏమన్నడు?"

"బాపునే అడుగు" అన్నది సుమన. "నేను నడుమ ఉండ."

ఇప్పుడు ఆమె గంగారంలో ఆ పాఠం వచ్చినప్పుడల్లా ముగ్గురు పిల్లలను నిలబెడుతుంది. మీరు ఎక్కడైనా ఒకరి మాట ఇంకొకరికి మోస్తున్న ఆడమనిషిని చూస్తే బుచ్చిని తలచుకోండి. ముప్పై ఎనిమిదేళ్లు అందరి మాటల్లోని ముళ్లూ ఏరింది. తన మాటగా మొదటిసారి అన్నది ఇదే: "నేను చెప్ప." దాన్ని మార్చకుండా, ఆమె అన్నది అన్నట్టే గుర్తుంచుకోండి.