నూట ముప్పై దేశాల కంపెనీ

రొట్టెలు కాలుస్తూ నేను డాక్టర్ని అయ్యేదాన్ని. రోజూ ఉదయం ఏడింటికి, పొయ్యి ముందు. మా ఆయన హీరాలాల్ టై కట్టుకుని, మందుల బొమ్మల పుస్తకం నా ముందు తెరిచి "గుడ్ మార్నింగ్ డాక్టర్" అని మొదలుపెట్టేవాడు. ఆయన ఒక విదేశీ మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్. భద్రాచలం నుంచి జూలూరుపాడు దాకా దవాఖానాలన్నీ ఆయన తిరిగేవే. డాక్టర్లకు చెప్పాల్సింది ముందు నాకు చెప్పి చూసుకునేవాడు. మరిచిపోతే నేను అందించాలి. అందిస్తే కోపం, అందించకపోతే ఇంకా కోపం.

అలా ఆరేళ్లలో కంపెనీ మొత్తం నాకు నోటికొచ్చేసింది. నూట ముప్పై దేశాలు, డెబ్బై వేల మంది ఉద్యోగులు. వందేళ్ల కిందట ఇద్దరు అన్నదమ్ములు పెట్టిన మందుల కొట్టు. ఇప్పుడు నాలుగు విభాగాలు: మందులు, పసిపిల్లల పాలపొడి, రక్తపరీక్షల మిషన్లు, గుండెలో వేసే స్టెంట్లు. పుట్టిన బిడ్డ మొదలు ముసలివాళ్ల దాకా ఆ కంపెనీ సేవ అందని మనిషి ఉండకూడదట. నాకూ అందింది. కొట్టిన ప్రతిసారీ ఆయన బ్యాగు తెరిచి, శాంపిల్ గోలీల పట్టీ ఒకటి నా ఒళ్లోకి విసిరేవాడు. "తిన్నంక వేస్కో, లేకుంటే కడుపుల మంట." కొట్టినవాడే మందిస్తే అది ప్రేమేమోనని మొదటి ఏడాది అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అనుకున్నాను.

తండా నుంచి వచ్చినప్పుడు మా అత్త సోమ్లి నా వీపు చూసింది. "నా మొగుడు గొడ్డును కొట్టినట్టు కొట్టెటోడు. ఎన్నడన్న గోలీ ఇచ్చిండా? నీకేం తక్కువైందే ద్వాలీ?" అంది. ఆమెకు ఎడమ చెవి వినపడదు. ఎందుకని అప్పటిదాకా నేను అడగనేలేదు.

రెండువేల ఆరులో ఒక శనివారం మేనేజర్ వెంకటరామారావు గారు హైదరాబాద్ నుంచి మా ఇంటికి టీకి వచ్చారు. మాటల మధ్యలో "హీరాలాల్, మన కంపెనీ గురించి ఒక్క నిమిషంలో చెప్పవయ్యా" అన్నారు. ఈయన మొదలుపెట్టి, దేశాల దగ్గర ఆగిపోయాడు. మెడ మీద చెమట. కప్పులతో గుమ్మంలో నిలబడ్డ నేను, రోజూ అలవాటే కదా, "నూట ముప్పై" అనేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. నాలుగు విభాగాలూ గడగడా అప్పజెప్పేశాను. మేనేజర్ పగలబడి నవ్వారు. "ఉద్యోగం మీ మిసెస్‌కి ఇవ్వాల్సిందయ్యా!"

మేనేజర్ గారి కారు మలుపు తిరగకముందే మా ఆయన తలుపు గడియ వేశాడు. శాంపిళ్ల బ్యాగు ఎత్తి నా తల మీద వేశాడు. జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. "డాక్టరమ్మవా నువ్వు? నా ఇజ్జత్ తీస్తవా?" కిందపడ్డ నా కుడి ముంజేతి మీద బూటుకాలు పెట్టి ఒత్తాడు. టప్‌మని ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. కాలు తీసి, గోలీల కోసం బ్యాగు వెతికాడు.

మూడు రోజులకు చెయ్యి నల్లబడింది. వేళ్లు కదలడం మానేశాయి. "దవాఖానకు తీస్కపో" అని ఏడ్చాను.

"ఏ దవాఖానకు? అందరు డాక్టర్లు నాకు తెల్సినోళ్లే. నిన్ను గిట్ల చూస్తే ఏమనుకుంటరు? గోలీలు మింగు, అదే తగ్గుతది."

అడవి అంచున ఇన్ని దవాఖానాలుండగా నేనొక్కదాన్నే రోగిని కావడానికి వీల్లేదన్నమాట. చెయ్యి పోయినా సరే! నాకు ఒళ్లు మండిపోయింది.

నాలుగో రోజు ఆయన బయల్దేరాక, ఎడమచేత్తో చీర ఎలాగో చుట్టుకుని సర్కారు దవాఖానాకు నడిచాను. డాక్టర్ వనజ గారు చెయ్యి చూసి "ఇన్ని రోజులు ఏం చేస్తున్నావమ్మా? ఇంకో రోజైతే తీసేయాల్సొచ్చేది" అన్నారు. అంతలో తలుపు తోసుకుని మా ఆయనే వచ్చాడు. బయట రిప్రజెంటేటివ్‌ల వరసలో నిలబడి నన్ను చూసినట్టున్నాడు. ముఖం నిండా నవ్వు.

"మా మిసెస్ మేడం. బాత్రూంల జారి పడ్డది." నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు.

అవునంటే చాలు, కట్టు కట్టి పంపిస్తారు. కాదంటే ఏమవుతుందో కూడా తెలుసు.

"పడలే మేడం. ఈయనే తొక్కిండు. పోలీసులకు పంపే కాయితం మీద గదే రాయండ్రి."

డాక్టరమ్మ ఆయన్ను బయటికి పంపి తలుపు వేశారు. కాగితం తీసి, పెన్ను పట్టుకుని అడిగారు.

"రాసినంక ఆ ఇంటికి ఎట్లా పోతావమ్మా?"

"పోను మేడం. అందుకే రాయమంటున్న."