తాగని గుడ్డ

ఆమె గుడ్డ పిండుతోంది.

మెలి మీద మెలి. బకెట్లోకి నీళ్లు — ముందు ధారగా, తరవాత చుక్కలుగా... తరవాత ఏమీ లేదు. వేళ్లు మాత్రం ఎర్రబడ్డాయి.

మళ్లీ ముంచింది. మళ్లీ నేల మీద పరిచింది. కుట్టుమిషను కింద దారప్పోగులు, రెండు పాదాలు. అత్తగారి పాదాలు. అవి లేవవు. తుడిచేవాళ్లే వాటి చుట్టూ తిరగాలి.

మూడేళ్లుగా తిరుగుతోంది.

గుమ్మం పక్క బల్ల మీద బిస్కట్ డబ్బా. అందులో బిస్కట్లు లేవు. స్పాంజి ముక్క, సుద్దముక్క, ప్లాస్టిక్ మూత, గోళీ, పాత దుప్పట్లోంచి చింపిన నూలు పీలిక, ఒక మందుసీసా ఫిల్లరు. రెండో తరగతి పిల్లలకు ఈ రోజు పాఠం — ఏవి నీళ్లు పీలుస్తాయి, ఏవి పీల్చవు.

ఆ పాఠం చూడటానికి తనిఖీ అధికారి వస్తున్నాడు. ఆమెది ఏడాది ఒప్పందం మీద ఉద్యోగం. పాఠం నచ్చితే ఉంటుంది. నచ్చకపోతే — ఇంట్లో రెండో మిషను ఉంది. దుమ్ము దులిపి, నూనె వేసి, అత్తగారు దాన్ని ఎప్పుడో సిద్ధం చేసి పెట్టింది.

"ఏంటి పంతులమ్మా, చెత్తబుట్ట మోసుకెళ్తున్నావా బడికి?"

"పాఠానికి అత్తయ్యా. ఏది తడుస్తుందో, ఏది తడవదో..."

"అది చెప్పడానికి జీతమిస్తారా! మన పెరట్లో పిల్లికి కూడా తెలుసు."

భర్త బూట్లు తొడుక్కుంటున్నాడు. బస్సు కండక్టరు. రోజంతా ముందుకు జరగండి, ముందుకు జరగండి అని గొంతు చించుకునే మనిషి. ఇంట్లో ఆ గొంతుకు సెలవు.

అత్తగారు లేచింది. డబ్బాలోంచి నూలు పీలికను రెండు వేళ్లతో, చచ్చిన బల్లిని తీసినట్టు తీసింది.

"దర్జీ ఇంటి కోడలు పీలికలు పట్టుకొచ్చిందని నవ్వరూ? పరువు నీకక్కర్లేకపోయినా నాకు కావాలి."

తానులోంచి ఒక ముక్క కోసింది. తెల్లటి కొత్త నూలు గుడ్డ. పలకలా నిలబడింది. డబ్బాలో పెట్టింది.

మూడేళ్లలో అడక్కుండా ఆ చేతుల్లోంచి వచ్చింది అదొక్కటే. ఆమె డబ్బా మూసింది. మూస్తూ నవ్వింది కూడా.

*

స్పాంజి తాగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సుద్దముక్క తాగింది — బుడగలు వదులుతూ. పిల్లలు బల్లలెక్కారు.

ప్లాస్టిక్ మూత తాగలేదు. గోళీ తాగలేదు.

ఆఖరి బెంచీలో అధికారి. బెంచీ చిన్నది, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. అయినా నవ్వుతున్నాడు. ఏదో రాసుకుంటున్నాడు. అంతా బాగానే ఉంది...

ఆమె గుడ్డ పైకెత్తింది. "ఇది?"

నలభై గొంతులు. "పీలుస్తుంది!"

ఫిల్లరు నొక్కింది. చుక్క పడింది.

చుక్క నిలబడింది.

గుండ్రంగా. మెరుస్తూ. చేమాకు మీద బొట్టులా... గుడ్డ కొంచెం వంగింది. చుక్క జారింది. బల్ల తడిసింది. గుడ్డ తడవలేదు.

ముందు బెంచీలో గడుగ్గాయి లేచింది. పై పళ్లు రెండూ ఊడిన పిల్ల.

"టీచర్, ఇది తాగట్లేదు!"

"తాగుతుంది. కూర్చో."

"తాగట్లేదు టీచర్! జారిపోయింది. నేను చూశా!"

"నూలు గుడ్డ నీళ్లు పీలుస్తుంది. నువ్వు సరిగ్గా చూడలేదు. కూర్చో!"

పిల్ల కూర్చుంది. ఎత్తిన చెయ్యి మాత్రం ఇంకా గాల్లోనే ఉంది. తరవాత అదీ దిగింది.

ఆమె ఇంకో చుక్క వేసింది. ఇంకోటి. బొటనవేలితో అదిమింది, రుద్దింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి పుస్తకం మూశాడు.

వరండాలో నెమ్మదిగా చెప్పాడు. నెమ్మదిగా చెప్పాడు కాబట్టే ఎక్కువ తగిలింది.

"కొత్త గుడ్డకి మిల్లులో గంజి పట్టిస్తారమ్మా. రెండు ఉతుకులు పడేదాకా అంతే. ఆ సంగతి తెలియకపోతే పోనీ. కానీ ఆ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. మీరు కూర్చోబెట్టారు."

ఆమె నేల చూసింది.

"రేపు పదింటికి మళ్లీ వస్తాను. అదే పాఠం, అదే పిల్లలు. రేపటితో నా రిపోర్టు అయిపోతుంది."

*

గంజి. రెండు ఉతుకులు.

దారంతా అవే మాటలు. అడుగుకొకటి.

పెరట్లో తొట్టి ఉంది. కొత్త బట్ట ఏదొచ్చినా అత్తగారు కత్తిరించే ముందు అందులో నానేస్తుంది. గుడ్డ తేలుతుంది. మునగదు. మొండికేస్తుంది. దాన్ని చేత్తో అదిమి అదిమి ముంచేది ఎవరు?

ఆమే. వారానికి రెండుసార్లు. మూడేళ్లుగా.

ఇన్నాళ్లూ చూసింది... ఒక్కరోజూ చూడలేదు.

మిషను ఆగేదాకా నిలబడి, జరిగిందంతా చెప్పింది — చుక్క జారడం, పిల్లను కూర్చోబెట్టడం, అధికారి రేపు మళ్లీ వస్తాననడం. "కొత్త గుడ్డ నీళ్లు పీల్చదని మీకు తెలుసు కదా అత్తయ్యా?"

"తెలుసు."

తడబాటు లేదు. సూదిలోకి దారం ఎక్కిస్తూ చెప్పింది.

"మరి ఎందుకు పెట్టారు?"

"నీకు తెలీదా? తొట్టిలో అదిమేది నువ్వా, నేనా? అంత చదివావు. ఒక్క చుక్క వేసి చూసుకోలేకపోయావా?"

అప్పుడే ఇంట్లోకి వచ్చిన భర్త టోపీ తీశాడు. "అమ్మా, ఇప్పుడెందుకు..."

"నువ్వు లోపలికి జరుగురా."

జరిగాడు.

"రేపు కూడా వెళ్తావా నవ్వులపాలవడానికి? మిషను ఖాళీగానే ఉంది. బుద్ధిగా కూర్చుంటే పనైనా వస్తుంది."

ఆమె వంటింట్లోకి నడిచింది. ఆ పూట ముగ్గురూ తిన్నారు. కంచాలే మాట్లాడుకున్నాయి.

*

తెల్లారి ఆమె నేల తుడవలేదు.

మంచం మీద తన దిండు గలీబు విప్పింది. ఉతికి ఉతికి పలచబడిన గలీబు. వెలుతురుకు పట్టుకుంటే అవతల చెయ్యి కనబడుతుంది.

ముందు గదిలోకి వచ్చి బల్ల మీది పెద్ద కత్తెర తీసుకుంది. ఆ కత్తెర మీద ఇంట్లో ఇంకెవరి చెయ్యీ పడకూడదు. పడితే పదును పోతుందట.

"అక్కడ పెట్టు."

పెట్టలేదు.

"నీకే చెప్తున్నా! అది నా చేత్తో కుట్టిన గలీబు. మీ పెళ్లికి కుట్టింది!"

కత్తెర నోరు తెరిచింది. మూలన నీలం దారంతో కుట్టిన పువ్వు. దాని మధ్యలోంచే నడిచింది. కర్... కర్... సగం పువ్వు ఇటు, సగం అటు.

ముక్కను బల్ల మీద పరిచింది. గ్లాసులో వేలు ముంచి ఒక చుక్క విదిల్చింది.

చుక్క పడింది. మరుక్షణం లేదు.

ఇద్దరూ చూశారు. ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి ఒకే చోటికి చూడటం అదే మొదలు.

"బానే ఉంది. ఆ పిల్లకేం చెప్తావు?" అత్తగారి గొంతు సన్నగా, పిన్నీసులా గుచ్చింది. "నువ్వు చూసిందే నిజమమ్మా, నాకే కళ్లు లేవని చెప్తావా? నలభై మంది ముందు? ఆ పెద్దమనిషి ముందు? నీ నోట అంత మాట వస్తుందా!"

ఆమె డబ్బా మూత తీసి ముక్కను చేతిలోకి తీసుకుంది.

నిన్నటి కొత్త గుడ్డ ఇంకా డబ్బాలోనే ఉంది. తీసేయలేదు. డబ్బా చంకలో పెట్టుకుంది. మిగిలిన గలీబును నాలుగు మడతలు పెట్టి అత్తగారి ఒళ్లో ఉంచింది.

"ఏమే... నిన్నే!"

గడప దాటింది.

బయట సన్నటి జల్లు. గోడలు తాగుతున్నాయి. మట్టి తాగుతోంది. రేకుల కప్పు తాగడం లేదు, ఒక్కో చుక్కనీ కిందికి తోసేస్తోంది. చేతిలో సగం పువ్వున్న ముక్క. దాని మీద ఒక చినుకు... ఇంకొకటి...

ఆమె పిడికిలి బిగించింది. వెనక్కి చూడకుండా నడిచింది. పెదవులు కదులుతున్నాయి, ఆ పిల్లకు చెప్పాల్సిన మాట వల్లె వేస్తున్నట్టు.

మాట మాత్రం బయటికి రాలేదు.