మొదటి దమ్ము

నజ్మా పేటలో షీషాల, అంటే హుక్కాల, సామాన్లమ్మే కొట్టులో పోశన్న మరో గొట్టాన్ని చేతికి చుట్టి వంచి చూశాడు. మడత పడింది. పక్కన పెట్టేశాడు. అంతకు ముందుది తోలు తొడుగుతో పెళ్ళికొడుకులా మెరిసింది కానీ లోపల ఇనుప తీగ ఉంది, కడిగితే తుప్పు పడుతుంది. ఇంకొకటి ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త చెప్పుల కంపు.

"క్యా భాయ్, రిష్తా దేఖ్‌నే ఆయా క్యా?" పెళ్ళిచూపులకొచ్చినట్టుందని కొట్టు యజమాని ఫుర్ఖాన్ ఎగతాళి చేశాడు.

పోశన్న నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఓ పట్టాన వదల్లేదు. బక్కపలచని మనిషి. ఛాతీ లోపలికి పీక్కుపోయింది. పై పెదవి మధ్యలో నల్లగా కమిలిన మచ్చ ఉంది.

నిర్మల్ దగ్గరి పల్లె నుంచి కట్టడం పనికని గల్ఫ్‌కు వచ్చి, చివరికి హోటల్లో తేలాడు. షీషాలు వెలిగించి బల్లలకు పంపడమే అతని పని. బొగ్గు పెట్టగానే పొగ రాదు. ఎవరో ఒకరు గొట్టం నోట పెట్టుకుని గట్టిగా పీల్చాలి. ఆ మొదటి దమ్ములన్నీ పోశన్నవి, తర్వాతి కులాసా అంతా కూర్చున్నవాళ్ళది. అందుకోసం అతనికొక చెక్క మూతి ఇచ్చారు. ఏ గొట్టానికైనా దాన్ని తగిలించే పీల్చాలి. తనకోసమని పోశన్న ఒక్క బీడీ కూడా కాల్చి ఎరగడు. ఆ మాట డాక్టరు నమ్మలేదు. నమ్మాక, ఇంకా పీలిస్తే ఊపిరితిత్తులు మిగలవన్నాడు.

గాలి లాగే చిన్న మోటారును పోశన్న ముందే కొనుక్కున్నాడు. దానికీ షీషాకూ మధ్య బిగించడానికే ఈ వెతుకులాట. మరీ మెత్తటి గొట్టమైతే మోటారు లాగగానే అతుక్కుపోతుంది. చివరికి ఆకుపచ్చ సిలికాన్ గొట్టం ఒకటి నచ్చింది. వంచితే మడత పడలేదు. నొక్కి వదిలితే గుండ్రంగా విచ్చుకుంది. ఒక కన్ను మూసి, అందులోంచి వీధిని చూసి, ఇది కట్టివ్వమన్నాడు.

బయటికి రాగానే భార్య గౌరవ్వ ఫోన్ చేసింది.

"ఇంకా దగ్గుతనే ఉన్నవా? దుబాయ్ల నీ ఒక్కనికే దొరికిందా గా పొగ పని?" గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకు దుబాయే.

"ఇయ్యాల్టి సంది నోరు పెట్ట."

"ఆళ్ళు ఊకుంటరా?"

"ఊకోకుంటే ఇంటికొస్త."

"రా మరి. మక్క గట్కన్న తాగి బతుకుదం."

సాయంత్రం హోటల్లో మోటారు బిగించాడు. అది గుర్రుమంది. జాడీలో నీళ్ళు బుడబుడమని, తెల్లటి పొగ లేచింది. పోశన్న నిటారుగా నిలబడి చూశాడు. ఈ దేశం వచ్చాక అంత సంతోషం అతనికెప్పుడూ కలగలేదు.

మేనేజర్ ఫసీయుద్దీన్ హైదరాబాదువాడు. చెడ్డవాడేం కాదు, పైవాళ్ళంటే హడలిపోయే రకం.

"ఏందయ్యా ఈ మోత? కస్టమర్లు నవ్వుతున్రు. తీసేసి నోటితో పట్టు."

"పట్ట సార్."

"ఇన్నేండ్లు పట్టినవ్ కదా! ఇయ్యాల ఏమొచ్చింది?"

"పట్టి పట్టే గిట్లయిన. డ్యూటీ ఎంతన్న చేపిచ్చుకోండ్రి. ఊపిరి మాత్రం నాది."

ఫసీయుద్దీన్ గొంతు తగ్గించాడు. "ఓనర్ దోస్తులొచ్చిన్రు. ఈ ఒక్కటి పట్టియ్. లేకుంటే నిన్ను ఉంచుకోరు, పోశన్నా."

ఒక్కటే కదా అనిపించింది. చెక్క మూతిని జేబులోంచి తీశాడు. పెదాల దాకా తెచ్చాడు. దానిమీద తన పంటిగాట్లే వరసగా కనిపించాయి. ఒళ్ళు మండింది. ప్రతి రోజూ ఈ ఒక్కటే కదా అనుకునే ఇంతదాకా వచ్చాడు.

మూతిని కౌంటరు మీది పళ్ళెంలో పెట్టేశాడు. "ఇది కంపెనీది. మీరే ఉంచుకోండ్రి," అన్నాడు. మోటారుతోనే షీషా రాజేసి, ఓనర్ దోస్తుల బల్లమీద పెట్టి, ఏప్రాన్ విప్పి మడిచాడు.

కాగితాల పని తెమిలాక ఇంటికి వెళ్ళిపోయాడు. మోటారూ, ఆకుపచ్చ గొట్టమూ పెట్టెలో సర్దుకుని మరీ తీసుకుపోయాడు. ఊళ్ళో వాటితో ఏం పనని కూలీల క్యాంపులో తోటివాళ్ళు అడిగితే, "నాయి గావట్టి," అన్నాడు.

అతని జాగాలోకి అదే క్యాంపులోని తిరుమల్ వచ్చాడు. బొగ్గులు పేర్చాక ఫసీయుద్దీన్ పళ్ళెం ముందుకు జరిపాడు. తిరుమల్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మోటర్ ఏది సార్? నోరు పెట్టొద్దని పోశన్నన్న చెప్పి పోయిండు."

పళ్ళెంలో ఆ చెక్క మూతి అలాగే ఉంది, నిండా పంటిగాట్లతో.